గుర్రం నమ్మింది, మనం నిలబెట్టుకున్నామా?

(పదవ తరగతి విద్యార్థిని, బళ్ళారి)

మన చరిత్ర పుస్తకాల్లో గుర్రం ఎప్పుడూ అంకెగానే కనబడుతుంది. ఫలానా రాజుకు ఇంత కాల్బలం, ఇన్ని ఏనుగులు, ఇన్ని వేల గుర్రాలు అని రాసి ఉంటుంది. పరీక్షలో ఆ అంకె సరిగ్గా రాస్తే మార్కు పడుతుంది, అంతే. కానీ హంపిలో మహానవమి దిబ్బ చుట్టూ తిరిగి ఆ రాళ్ళమీది బొమ్మలను నిదానంగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడ గుర్రాల పక్కన మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళు ముందు నడుస్తుంటే గుర్రాలు వెంట వస్తున్నాయి.

గుర్రం బరువు నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. మనిషి బరువు 60, 70 కిలోలు. గుర్రం ఒక్కసారి తల విదిలిస్తే పగ్గం మనిషి చేతిలో నిలవదు. మరి అంత పెద్ద జంతువు ఇంత చిన్న మనిషి వెంట ఎందుకు నడుస్తుంది? కొట్టి లొంగదీశారు అని మనలో చాలామంది అనుకుంటాం. కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు, కాదనలేం. అయితే గుర్రాల గురించి బాగా తెలిసినవాళ్ళు రెండు మూడు వేల ఏళ్ళుగా చెబుతున్న మాట వేరు. గుర్రం నమ్మితేనే నడుస్తుంది అని వాళ్ళు అంటారు. ఆ నమ్మకాన్ని మనుషులు ఎట్లా సంపాదించారు, సంపాదించాక ఏం చేశారు అన్నదే ఈ వ్యాసం.

భయమే దాని ప్రాణరక్ష

ముందు గుర్రం స్వభావం తెలుసుకోవాలి. గుర్రం గడ్డి తినే జంతువు. అడవిలో పులికీ తోడేలుకీ ఆహారం. దానికి కొమ్ములు లేవు, పదునైన కోరలు లేవు. ప్రాణం కాపాడుకోవాలంటే పరుగు ఒక్కటే దారి. అందుకే దాని కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా వెనక, ముక్కు కింద మాత్రం దానికి కనబడదు. చిన్న చప్పుడైనా, కాగితం ఎగిరినా బెదిరేది అందుకే. అది పిరికితనం అనుకోకూడదు. ఆ బెదురే దాని జాతిని ఇన్నాళ్ళు బతికించింది.

ఇప్పుడు ఆలోచించండి. అట్లాంటి జంతువు తన వీపుమీద ఇంకొకరిని ఎక్కనివ్వాలి. పులి దూకేది కూడా ఆ వీపుమీదికే! అంటే మనిషిని ఎక్కించుకున్న ప్రతిసారీ గుర్రం తన పుట్టుకతో వచ్చిన భయాన్ని పక్కన పెడుతున్నట్టు. ఇది చిన్న విషయం కాదు.

మట్టి పలకల మీద మన అంకెలు

ఇప్పుడు మనం చూసే పెంపుడు గుర్రాల పూర్వీకులు సుమారు 4,200 ఏళ్ళ క్రితం రష్యాలోని వోల్గా, డాన్ నదుల దగ్గరి గడ్డిమైదానాల నుంచి లోకమంతా పాకాయని శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలతో తేల్చారు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకే గుర్రాల పెంపకం ఒక పెద్ద విద్య అయింది.

ఆ విద్య గురించి మనకు దొరికిన చాలా పాత రాత ఒకటి టర్కీలో, హిట్టైట్ల రాజధాని హత్తుషలో, మట్టి పలకల మీద బయటపడింది. వయసు 3,300 ఏళ్ళకు పైనే. చెప్పినవాడు మితాన్ని రాజ్యానికి చెందిన కిక్కులి. రథం లాగే గుర్రాలను ఏ రోజు ఎంత దూరం నడిపించాలి, ఎప్పుడు నీళ్ళు పెట్టాలి, ఎప్పుడు కడగాలి, ఎంత మేత వెయ్యాలి అని రోజువారీగా అందులో ఉంది. ఇంకో విశేషం, అందులో గుర్రాన్ని ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పే మాటలు ఐక, తేర, పంజ, సత్త, నా అని ఉన్నాయి. ఏక, త్రి, పంచ, సప్త, నవ అని మనం సంస్కృతంలో చదువుకున్నవే! ఎక్కడి టర్కీ, ఎక్కడి మనం!

కిక్కులి చెప్పిన పద్ధతిలో తొందర కనబడదు. నెలల తరబడి కొంచెం కొంచెంగా పని పెంచుతూ పోవడమే.

కోపంతో దగ్గరికి పోవద్దు

గుర్రం మనసు గురించి వివరంగా రాసినవాడు మాత్రం గ్రీకు దేశపు జెనోఫన్. ఇతను సోక్రటీసు శిష్యుడు, స్వయంగా రౌతు, సైన్యాన్ని నడిపినవాడు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గుర్రపుస్వారీ మీద చిన్న పుస్తకం రాశాడు. అది నేటికీ దొరుకుతుంది. అందులోని సంగతులు నా మాటల్లో చెబుతాను.

గుర్రపుపిల్లకు ఆకలి, దాహం, ఈగల బాధ ఒంటరిగా ఉన్నప్పుడు తెలియాలట. మేత, నీళ్ళు, ఉపశమనం మనిషి వల్ల దొరుకుతాయని దానికి అర్థం కావాలట. అప్పుడు అది మనిషిని ఇష్టపడడమే కాదు, మనిషి కోసం ఎదురు చూస్తుందట. అది తనంతట తాను గోకలేని చోట మనం నిమరాలి. జనం మధ్యకి, చప్పుళ్ళ మధ్యకి మెల్లగా తీసుకెళ్ళి అలవాటు చెయ్యాలి.

దేన్నైనా చూసి బెదిరినప్పుడు కొట్టకూడదని కూడా అతను గట్టిగా చెప్పాడు. ఎందుకంటే ఆ దెబ్బ తను బెదిరిన వస్తువు వల్లే తగిలిందని గుర్రం అనుకుంటుంది. భయం రెండింతలవుతుంది. దానికి బదులు మనమే ఆ వస్తువును ముట్టుకుని చూపించి, గుర్రాన్ని నిదానంగా దగ్గరికి తీసుకెళ్ళాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికే పోవద్దు అన్నాడు. బలవంతం మీద చేసే పనిలో అందం ఉండదని, నాట్యం చేసేవాణ్ణి కొరడాతో కొట్టి ఆడిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుందని పోల్చాడు.

ఇదంతా దాదాపు 2,350 ఏళ్ళ నాటి మాట. చదువుతుంటే గుర్రాల గురించా, పిల్లల గురించా అనిపిస్తుంది. (టీచర్లు క్షమించాలి!)

నీడను చూసిన పిల్లవాడు

జెనోఫన్ కాలం ముగిసిన కొన్నేళ్ళకే మాసిడోనియాలో జరిగినట్టు ప్లూటార్క్ అనే రచయిత ఒక కథ చెప్పాడు. ఫిలిప్ రాజు దగ్గరికి ఒక వ్యాపారి గుర్రాన్ని అమ్మకానికి తెచ్చాడు. ధర 13 టాలెంట్లు, అంటే చాలా పెద్ద మొత్తం. కానీ అది ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. రాజు వద్దు తీసుకుపొమ్మన్నాడు. అప్పుడు చిన్నవాడైన కొడుకు అలెగ్జాండర్ ముందుకొచ్చాడు. అందరూ గుర్రం కాళ్ళ వైపు, నోటి వైపు చూస్తుంటే అతను నేల వైపు చూశాడు. గుర్రం బెదురుతున్నది తన నీడను చూసే! దాని మొహం సూర్యుడి వైపు తిప్పాడు. నీడ వెనక్కి పోయింది. కాసేపు నిమిరి, మాట్లాడి, అప్పుడు ఎక్కాడు. ఆ గుర్రమే బ్యూసెఫలస్.

ప్లూటార్క్ ఈ కథ రాసింది అలెగ్జాండర్ పోయిన నాలుగు వందల ఏళ్ళకు. కాబట్టి ఎంత వరకు నిజమో చరిత్రకారులు జాగ్రత్తగా చూస్తారు. కానీ బ్యూసెఫలస్ ఉన్నది నిజం. క్రీస్తుకు పూర్వం 326లో జీలం నది ఒడ్డున పోరస్‌తో, అంటే మనం పురుషోత్తముడు అనే రాజుతో, యుద్ధం జరిగిన రోజుల్లో అది చనిపోయింది. దాని పేరున అలెగ్జాండర్ అక్కడ ఒక ఊరే కట్టించాడు. దేశాలను కత్తితో గెలిచినవాడు ఆ గుర్రాన్ని మాత్రం దాని భయం ఏమిటో కనిపెట్టి గెలుచుకున్నాడు.

బంగారం పోసినా కొనలేనిది

ఇప్పుడు మన వైపు వద్దాం. దక్షిణ దేశపు వేడికి, ఇక్కడి మేతకు మేలుజాతి గుర్రాలు బాగా పెరిగేవి కావు. అందుకే అరేబియా నుంచి, పారశీకం నుంచి ఓడల్లో తెప్పించుకునేవాళ్ళు. పదమూడో శతాబ్దం చివర మార్కోపోలో వచ్చాడు. మన మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి, అక్కడి రాణి గురించి రాసిన యాత్రికుడు ఇతనే. తమిళ తీరంలో పాండ్య రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా భాగం చచ్చిపోతాయని రాశాడు. కారణం, వాటిని ఎట్లా చూసుకోవాలో తెలిసినవాళ్ళు లేకపోవడం. వండిన అన్నం, మాంసం కూడా పెట్టేవాళ్ళట! పాపం, అవి ఏం తింటాయి?

విజయనగరం కాలానికి పరిస్థితి కొంత మారింది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉన్నాడు. రాయలు ఏటా హోర్ముజ్ గుర్రాలు, నాటు గుర్రాలు కలిపి 13,000 కొంటాడని రాశాడు. అంతకు ముందు సాళువ నరసింహరాయలు గుర్రాల కోసం ఎంత తపించాడంటే, సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే డబ్బు ఇచ్చేవాడట.

మన పుస్తకాల్లో ఈ 13,000 అంకె ఉంటుంది. కానీ అదే న్యూనిజ్ ఇంకో రెండు అంకెలు రాశాడు. రాయల గుర్రాలను చూసుకునే సాయిసులు 1,600 మంది, గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాళ్ళు 300 మంది. నాకు ఈ అంకెలే ముఖ్యం అనిపించాయి. ఓడ దిగిన గుర్రానికి కొత్త దేశం, కొత్త వేడి, కొత్త నీళ్ళు, కొత్త భాష. దానికి ఉలవలు ఉడికించి పెట్టి, ఒళ్ళు రుద్ది, రాత్రిపూట పక్కన పడుకుని, మళ్ళీ మనిషిని నమ్మేలా చేసినవాళ్ళు అట్లాంటివాళ్ళే అయి ఉంటారు. గుర్రాల పని చూసేవాణ్ణి మన పాత భాషలో సాహిణి అనేవాళ్ళు, ఎక్కి నడిపేవాణ్ణి రౌతు అనేవాళ్ళు. గుర్రాల లక్షణాల మీద తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ అనే గ్రంథమే రాశాడు. రాయల పేరు మనకు తెలుసు. ఆ 1,600 మందిలో ఒక్కరి పేరూ మనకు తెలీదు. మహానవమి దిబ్బ మీద గుర్రం పక్కన నడిచే మనిషిని చూసినప్పుడు వాళ్ళను తలుచుకోవాలి.

గుర్రానికి లెక్కలు వచ్చా?

మనం గుర్రాన్ని గమనిస్తాం సరే, గుర్రం మనల్ని ఎంత గమనిస్తుంది? దీనికి జవాబు జర్మనీలో దొరికింది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవాడు. హాన్స్ అనే తన గుర్రానికి ఆయన లెక్కలు నేర్పాడు. మూడూ రెండూ ఎంత అంటే అది కాలితో ఐదుసార్లు నేలమీద తట్టేది. జనం విరగబడి వచ్చి చూశారు. 1904లో పండితుల సంఘం పరీక్ష చేసి మోసం ఏమీ లేదని చెప్పింది. ఆ తర్వాత ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు ఇంకా జాగ్రత్తగా పరీక్షించాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. అడిగేవాడు కనబడకపోతే హాన్స్ తప్పు చెబుతుంది. చివరికి తేలింది ఏమిటంటే, సరైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే పిసరంత కదులుతుంది. అది చూసి హాన్స్ ఆపేస్తుంది!

అందరూ గుర్రానికి లెక్కలు రావని నవ్వుకున్నారు. నాకైతే ఇది ఇంకా పెద్ద వింత అనిపించింది. పక్కనున్న మనుషులకు కూడా తెలియని కదలికను ఆ గుర్రం చదివింది కదా! 2016లో ఇంగ్లాండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 28 గుర్రాలకు నవ్వు మొహం, కోపం మొహం ఉన్న ఫోటోలు చూపించారు. కోపం మొహం చూసినప్పుడు వాటి గుండె త్వరగా వేగం పుంజుకుంది. కోపంతో దగ్గరికి పోవద్దని జెనోఫన్ ఎందుకన్నాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మా వీధిలో ఒకప్పుడు జట్కా తోలిన తాత ఒకాయన ఉన్నాడు. ఇదంతా చెబితే ఆయన నవ్వి, “దానికి ఇంత పరీక్ష ఎందుకు పాపా? గుర్రానికి మాట తెలీదు, గొంతు తెలుస్తుంది. ఇంట్లో కొట్లాడి వచ్చిన పొద్దు అది నా చేతి దాణా ముట్టేది కాదు. అందుకే వాకిట్లోనే కోపం వదిలేసి పోయేవాణ్ణి” అన్నాడు. ముందు గుర్రానికి ఉలవలు పెట్టి, తర్వాతే ఆయన సంగటి తినేవాడట.

నమ్మి యుద్ధానికి వచ్చిన గుర్రాలు

ఇంతవరకు నమ్మకాన్ని సంపాదించిన కథ. ఇక రెండో సగం, చెప్పడానికి కష్టమైనది.

తుపాకి చప్పుడు వింటే గుర్రం పారిపోవాలి. అది దాని స్వభావం. కానీ రౌతును నమ్మిన గుర్రం ఆ చప్పుడు వైపుకే పరిగెత్తుతుంది. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణం దగ్గర మన మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వదళాలు మెషిన్‌గన్‌లకు ఎదురు దూకి పట్టణాన్ని గెలిచాయి. ఆ రోజు 8 మంది సైనికులు చనిపోతే, 60 గుర్రాలు చనిపోయాయి. మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాదు దళాల గౌరవార్థం ఢిల్లీలో తీన్‌మూర్తి స్మారకం కట్టారు. అక్కడ ముగ్గురు సైనికుల విగ్రహాలున్నాయి. గుర్రం విగ్రహం లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మొత్తం మీద గుర్రాలు, కంచరగాడిదలు కలిపి 80 లక్షల వరకు చనిపోయాయని అంచనా. ఆస్ట్రేలియా నుంచి 1,36,000 గుర్రాలు ఓడలెక్కాయి. తిరిగి ఇల్లు చేరింది ఒకే ఒక్కటి, దాని పేరు శాండీ. మిగిలినవి యుద్ధంలో పోయాయి, లేదా యుద్ధం అయ్యాక అమ్ముడుపోయాయి. వాటిని తిరిగి తెచ్చుకోవడానికి ఖర్చు ఎక్కువ, జబ్బులు వస్తాయేమోనని భయం కూడా.

1930లో డొరతీ బ్రూక్ అనే బ్రిటిష్ సైనికాధికారి భార్య ఈజిప్టులోని కైరోకు వచ్చింది. యుద్ధం ముగిసి పన్నెండేళ్ళయినా, సైన్యం అమ్మేసిన ముసలి గుర్రాలు అక్కడి వీధుల్లో, రాతి గనుల్లో బరువులు లాగుతూ కనబడ్డాయి. ఎముకలు తేలి, కొన్ని గుడ్డివై, ఒంటిమీద సైన్యం ముద్ర మాత్రం ఇంకా మిగిలి ఉంది. 1931లో ఆమె లండన్ పత్రికకు ఉత్తరం రాసింది. జనం డబ్బు పంపారు. ఆ డబ్బుతో కొన్నేళ్ళలో 5,000 గుర్రాలను కొనింది. చాలా వాటికి అప్పటికే బాగుపడే శక్తి లేదు. వాటికి కొన్ని రోజులు మంచి మేత, విశ్రాంతి ఇచ్చి, బాధ లేకుండా ప్రాణం విడిచేలా చేసింది. వాటి యజమానులను ఆమె తిట్టలేదు. వాళ్ళు కూడా తిండికి లేని పేదవాళ్ళే. 1934లో ఆ పేదవాళ్ళ పశువుల కోసమే ఉచిత ఆసుపత్రి పెట్టింది. ఆ సంస్థ నేటికీ చాలా దేశాల్లో పని చేస్తోంది, మన దేశంలో కూడా.

ఇప్పుడు మన వంతు

2019 పశుగణన ప్రకారం మన దేశంలో గుర్రాలు, తట్టువలు కలిపి సుమారు 3 లక్షల 40 వేలు ఉన్నాయి. ఏడేళ్ళ ముందుతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. మన పిల్లలం గుర్రాన్ని చూసేది ఎక్కడ? పెళ్ళి ఊరేగింపులో, జాతరలో, ఇటుకల బట్టీ దగ్గర. ఊరేగింపులో దాని చెవి పక్కనే బ్యాండు మోగుతుంది, కాళ్ళ దగ్గరే టపాకాయలు పేలుతాయి. అయినా అది నిలబడి ఉంటుంది. దానికి భయం లేదని మనం అనుకుంటాం. భయం ఉంది. పగ్గం పట్టుకున్న మనిషిని నమ్మి నిలబడింది, లేకపోతే పారిపోయే దారి లేక నిలబడింది. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం మన బాధ్యత.

మనం చెయ్యగలిగినవి పెద్ద పనులేమీ కావు. గుర్రం వెనక నుంచి పోకూడదు, దానికి కనబడేలా పక్క నుంచి భుజం వైపు, మెల్లగా మాట్లాడుతూ పోవాలి. దాని దగ్గర టపాకాయలు కాల్చనివ్వకూడదు. ఎండలో నిలబడ్డ గుర్రం కనిపిస్తే తోలేవాణ్ణి అడిగి బకెట్ నీళ్ళు ఇవ్వాలి. మన ఇంట్లో పెళ్ళి జరిగితే గుర్రం కావాలా వద్దా అని పెద్దవాళ్ళను ఒక మాట అడగాలి.

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మన సామెత. పని చెయ్యలేనివాళ్ళను ఎగతాళి చెయ్యడానికి దాన్ని వాడతాం. కైరో గుర్రాల సంగతి చదివాక నాకు ఆ సామెత వేరేగా వినబడుతోంది. మనల్ని నమ్మి కళ్ళు పోగొట్టుకున్న గుర్రానికి దాణా తగ్గించకుండా పెట్టడమే న్యాయం. నమ్మకం గుర్రం మనకు ఇచ్చిన అప్పు. ఆ అప్పు వేల ఏళ్ళ నుంచి పెరుగుతూనే ఉంది, కొంతైనా మన తరం తీర్చాలి.